కోడలు పిల్ల హెలికాప్టరు చదువు

శిక్షణ కేంద్రం హాస్టలు, పై అంతస్తు
ఆదివారం మధ్యాహ్నం

అత్తా,

చేరాను. గది చిన్నది, కిటికీ పెద్దది. కిటికీలోంచి చూస్తే ఇనుప కంచె, దాని అవతల గడ్డి మైదానం, అక్కడ వరసగా మూడు హెలికాప్టర్లు. గాలికి కదలకుండా రెక్కలకి తాళ్లు కట్టారు. పశువుల్ని కట్టేసినట్టు బుద్ధిగా ఉన్నాయి.

నాన్న బస్సు దాకా వచ్చాడు. టికెట్టు నా చేతిలో పెడుతూ, "మీ అత్తదీ నీదీ ఒకటే తల. గోడకేసి కొట్టుకుంటే గోడే పగలాలి" అన్నాడు. తిట్టాడో మెచ్చుకున్నాడో తెలుసుకునేలోపు బస్సు కదిలింది.

మా పెద్దసారు పూర్వం అగ్నిమాపక దళంలో ఎగిరినాయన. మా ఆరుగురినీ నిలబెట్టి ఇదివరకు ఏం చేశారని అడిగాడు. మూడేళ్లు టవర్ క్రేను నడిపానని గర్వంగానే చెప్పాను. అంత ఎత్తున గాజుగదిలో కూర్చుని, టన్నుల కొద్దీ ఇనుమును కింద మేస్త్రీ బొటనవేలు నలగకుండా దించినదాన్ని, నాకేం తక్కువ అనుకున్నాను. ఆయన నవ్వి, "క్రేను నేలకి పాతి ఉంటుందమ్మా" అన్నాడు.

రేపటి నుంచి ఎగరడం. పందొమ్మిదేళ్లు కరెంటు తీగల వెంట హెలికాప్టరు నడిపినదానివి, నాకు నాలుగు మాటలు చెప్పు. ఫోను చేస్తే ఎత్తవు. అందుకే ఈ ఉత్తరం.

నీ కోడలు పిల్ల


హ్యాంగరు పక్క గది
శుక్రవారం

కోడలు పిల్లా,

ఫోను సంగతి ముందే చెప్తున్నాను, అందులో మాట్లాడే ఓపిక నాకు లేదు. ఉత్తరాలే రాయి. ఇక్కడ మా మిషన్లు రెండు మరమ్మతులో ఉన్నాయి, నేను కుర్చీకి అంటుకుపోయాను. తీరికే తీరిక.

మీ నాన్న తిట్టలేదు. వాడికి భయమేస్తే సామెతలొస్తాయి. చిన్నప్పటి నుంచీ అంతే.

ఇక నీ నాలుగు మాటలు. ఎక్కేముందు మిషను చుట్టూ తిరుగుతారు కదా, అప్పుడు చేతులు జేబులో పెట్టుకోకు. ప్రతి మరనీ, ప్రతి గొట్టాన్నీ వేళ్లతో ముట్టుకో. కళ్లు నిన్న చూసినదాన్నే ఇవాళా చూపిస్తాయి, వేళ్లకి ఆ జబ్బు లేదు. రెక్క తిరుగుతున్నప్పుడు తోకవైపు వెళ్లకు. ఎవరు పిలిచినా, టోపీ ఎగిరిపోయినా వెళ్లకు. మెకానిక్‌తో స్నేహంగా ఉండు. పైలట్లు పొగడ్తలకి పడిపోతారు గానీ మెకానిక్ పడడు, కాబట్టి ఊరికే పొగడకు. ఆయన పని చేస్తుంటే పక్కన నిలబడి చూడు.

గాలిలో ఒకేచోట నిలబెట్టడం మొదటి పది గంటలూ నీ దుంప తెంచుతుంది. ముందే చెప్తున్నాను. రెండు చేతులూ రెండు కాళ్లూ నాలుగు పనులు చేయాలి, ఒకటి కదిపితే మిగిలిన మూడూ చెడతాయి. అప్పుడు అందరూ కిందకి, ముక్కు ముందున్న గడ్డిలోకి చూస్తారు. నువ్వు మైదానం చివర ఏదో ఒక చెట్టుని చూడు. కుడిచేతిలోని నడిపే కర్రని రెండు వేళ్లతో పట్టుకో, మోచేతిని తొడమీద ఆన్చు. బిగుసుకుపోయావనిపిస్తే బూట్లలో కాలివేళ్లు కదుపు. నవ్వకు. కాలివేళ్లు కదిలితే భుజాలు వాటంతటవే దిగుతాయి.

తిండి మానకు. ఖాళీ కడుపుతో ఎగిరేవాళ్లు చిరాకుగా ఎగురుతారు.

అత్త


హాస్టలు
గురువారం

అత్తా,

నవ్వాను. తర్వాత ఏడిచాను. ఇప్పటికి తొమ్మిది గంటలు ఎగిరాను. సోమవారం దాకా మిగతా ఐదుగురికీ మిషను నిలబడేది, నాకు నిలబడేది కాదు. ఎడమకి జారితే కుడికి లాగేదాన్ని, అది కుడికి పారిపోయేది. పట్టుకుందామని నేను దాని వెంట పడేదాన్ని. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాను.

నా లోపం క్రేనేనని పెద్దసారు పట్టుకున్నాడు. క్రేనులో లివరు కదిపితే బరువు ఊగి, ఆగేదాకా ఓపిక పట్టాలి. ఇక్కడ ఓపిక పడితే మిషను ఊరు దాటిపోతుంది. తప్పు జరిగాక సరిచేయడం కాదు, జరగబోతుండగానే చిటికెనవేలంత సర్దాలి. మూడేళ్లు కష్టపడి నేర్చుకున్న మంచి అలవాటే అడ్డమొచ్చింది.

మంగళవారం పొద్దున ఇక ఇంటికి పంపించేస్తారనుకున్నాను. పోయేదాన్ని పోతాను కదా అని కర్ర వదులుగా పట్టుకుని, మైదానం చివర నీళ్ల ట్యాంకుని చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి పెద్దసారు తన చేతులు రెండూ పైకెత్తి చూపించాడు. ఎంతసేపటి నుంచి ఆయన పట్టుకోలేదో నాకు తెలియదు. మిషను నిలబడి ఉంది. నేనే నిలబెట్టాను.

దిగాక మెకానిక్ బాబాయికి చెబితే, "గడ్డికి ఇవాళ విశ్రాంతి దొరికింది" అన్నాడు.

ఒక మాట అడుగుతాను. నాన్న ఫోనులో, "మీ అత్త ఇప్పుడు..." అని ఆపేసి వాతావరణం గురించి మాట్లాడాడు. నీ మిషను ఇంకా బాగవలేదా?

నీ కోడలు పిల్ల


హ్యాంగరు పక్క గది
బుధవారం

కోడలు పిల్లా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఆ చేతులెత్తిన ముక్క మాత్రమే చదివాను. నాకు పదకొండు గంటలు పట్టింది. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మిషన్ల సంగతి వదిలెయ్. మరమ్మతులంటే ఎప్పటికి తేలతాయో ఎవరు చెప్పగలరు.

ఇక ఇంజను ఆగిపోతే ఎలా దిగాలో నేర్పుతారు. జనం అనుకున్నట్టు హెలికాప్టరు రాయిలా పడిపోదు. కిందినుంచి వచ్చే గాలికి రెక్క తిరుగుతూనే ఉంటుంది, ఆ తిరుగుడుతోనే దింపుకోవచ్చు. కానీ ఎడమచేతి లివరుని వెంటనే కిందికి దించాలి. ఒక్క సెకను, మహా అయితే రెండు. "అయ్యో, ఏమైంది" అనుకునేంత సమయం కూడా ఉండదు. చెయ్యి ముందు దిగాలి, ఆలోచన తర్వాత రావాలి. స్నానం చేస్తున్నా, మెట్లు దిగుతున్నా మనసులో ఎడమచెయ్యి దించుతూ ఉండు. నేను నీ ఓణీల వేడుకలో ఫొటోకి నిలబడి కూడా దించాను. కావాలంటే ఆల్బం చూడు, నా ఎడమ భుజం వంకరగా ఉంటుంది.

అత్త


హాస్టలు
సోమవారం

అత్తా,

కులాసా. ఒంటరిగా ఎగరడం మొదలైంది, మూడుసార్లు అయింది. అంతా బాగానే జరిగింది. వాతావరణం బాగుంది. భోజనం కూడా బాగానే ఉంది.

ఒక సందేహం. తోక చివర కింద వంపు కడ్డీ ఒకటి ఉంటుంది కదా, అది కొంచెం నేలకి రాసుకుంటే పెద్దగా ఏమీ కాదు కదా? పుస్తకంలో చదివాను, ఊరికే అడుగుతున్నాను.

నాన్న నిన్ను అడిగానని చెప్పమన్నాడు.

నీ కోడలు


రేడియో గది
శుక్రవారం, ఉత్తరం అందిన గంటలోనే

అమ్మా,

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ ఉత్తరం. భోజనం గురించి నీ రెండు ఉత్తరాల్లో లేనిది ఈ మూడోదాంట్లో వచ్చింది.

ఆ కడ్డీ నేలకి తగిలితే ఏమీ కాకపోవచ్చు. తోకలోని ఇరుసు వంగి ఉండొచ్చు, చివరి గేరుపెట్టెలో పళ్లు చిట్లి ఉండొచ్చు. విప్పి చూస్తే తప్ప తెలియదు. ఈ ఉత్తరం అందగానే వెళ్లి చెప్పు. చెప్పులు వేసుకోవడానికి కూడా ఆగకు.

ఈ మాట నీకు చెప్పే అర్హత నాకుందో లేదో నువ్వే తేల్చు. ఈ ఉత్తరం పైన ఏ గది అని రాశానో చూశావా? హ్యాంగరు పక్క గది అంటే ఇదే. మిషన్లేవీ మరమ్మతులో లేవు. నేనే ఎగరడం లేదు. పదకొండు నెలలైంది.

నా ఎడమచెవి సగం పోయింది. అందుకే ఫోను ఎత్తను. అది పెద్ద సంగతి కాదు, చెవితోపాటు ఇంకొకటి ఉంది. ఒకరోజు గిన్నెలు కడుగుతుంటే వంటిల్లు గిర్రున తిరిగింది. రెండు నెలల తర్వాత మైదానంలో దిగి, ఇంజను ఆపి, బెల్టు విప్పుతుంటే మళ్లీ తిరిగింది. అర నిమిషం. ఎవరూ చూడలేదు. నాలుగు నిమిషాల ముందైతే తీగల పక్కన ఉండేదాన్ని.

ఆ తర్వాత వారానికి, పైలట్లకి ఏటా చేసే వైద్యపరీక్ష. డాక్టరు ఏటా అడిగే ప్రశ్నలే వరసగా అడుగుతున్నాడు, నేను లేదు, లేదు అంటున్నాను. తల తిరగడం ఉందా అన్నాడు. ఆయన కలం అప్పటికే "లేదు" గడి మీద ఉంది. నేను ఉందన్నాను. ఆయన కలం కింద పెట్టి, "ఆలోచించుకునే చెబుతున్నారా?" అని అడిగాడు. ఆలోచిస్తే చెప్పలేనేమోనని వెంటనే చెప్పేశానన్నాను.

ఇప్పుడు ఇక్కడ కూర్చుని, ఎగిరేవాళ్లు ఎక్కడున్నారో కుడిచెవితో విని రాసుకుంటాను.

వెళ్లు. చెప్పి వచ్చి రాయి.

అత్త


హాస్టలు
అదే శుక్రవారం మొదలుపెట్టి, మంగళవారం ముగించాను

అత్తా,

కిందటి ఉత్తరంలో నీకు అబద్ధం రాశాను. ఇప్పుడు నిజం రాస్తున్నాను.

మూడోసారి ఒంటరిగా దిగుతున్నప్పుడు వేగం తగ్గించడం ఆలస్యమైంది. మిషను ముక్కు ఎక్కువ ఎత్తాను. వెనకాల టక్కుమని చిన్న చప్పుడు, పాదాలకి కూడా తెలిసింది. పెద్దసారు మైదానం అవతలి చివర ఎవరితోనో మాట్లాడుతున్నాడు. దిగి చూస్తే ఆ కడ్డీకి వేలెడంత రంగు పోయి, గడ్డి పసరు అంటుకుని ఉంది. రుమాలుతో తుడిచేశాను. మిషను పుస్తకంలో "లోపాలు" అన్నచోట "లేవు" అని రాసి సంతకం పెట్టాను.

ఎందుకు చేశానంటే, మిషను నిలబెట్టలేకపోయిన ఆ మొదటి రోజుల్లో అందరూ నన్నెలా చూశారో ఇంకా మరిచిపోలేదు. మళ్లీ ఆ చూపులు పడలేననిపించింది. అంతకంటే గొప్ప కారణం లేదు.

మర్నాడు అదే మిషనులో మా తరగతి కళ్లజోడబ్బాయి పెద్దసారుతో ఎగిరాడు. ఆ మర్నాడు కూడా. నేను కాలుగాలిన పిల్లిలా కిటికీకీ తలుపుకీ మధ్య తిరిగాను. మూడోరోజు, అంటే నిన్న పొద్దున, అతను మొదటిసారి ఒంటరిగా దూరం వెళ్లాలి. మ్యాపు మడిచి జేబులో పెట్టుకోవడం చూశాను. ఇక ఆగలేక మెకానిక్ బాబాయి దగ్గరికి పరుగెత్తాను.

ఆయన అరవలేదు. చేతులు తుడుచుకుని ఎన్ని రోజులైందన్నాడు. మూడన్నాను. పుస్తకం తెరిచి పేజీకి అడ్డంగా ఎర్రగీత గీశాడు, మిషను తలుపుకి ఎర్ర చీటీ కట్టాడు. అప్పుడు చెప్పాడు: "మొన్న సాయంత్రం ఏదో వణుకు ఉందంటే చూద్దామని దాంట్లో నేను కూడా ఎగిరానమ్మా."

నేను కళ్లజోడు గురించే ఆలోచించాను అత్తా. ఆయన గురించి అనుకోనే లేదు.

పెద్దసారు రెండువారాలు ఎగరొద్దన్నాడు. రోజూ మెకానిక్ బాబాయి దగ్గర పనిచేయమన్నాడు. "తోక తగిలించినందుకు కాదు. అది నేనూ తగిలించాను. లేవు అని రాసినందుకు" అన్నాడు.

మంగళవారం. తోక మొత్తం విప్పారు. గేరుపెట్టె తెరిచారు, చిట్లు ఉంటే బయటపెట్టే రంగునీళ్లు పూసి భూతద్దంతో ప్రతి అంగుళం వెతికారు. దీపం పట్టుకుంది నేనే. ఐదు రోజులు పట్టింది. ఏమీ లేదు. వెంట్రుకంత చిట్లు కూడా లేదు. కొండను తవ్వి ఎలుకని కూడా పట్టలేదు. ఈలోగా వానలు పట్టుకున్నాయి. కళ్లజోడు చదువు నెల వెనక్కి పోయింది, నాతో మాట్లాడటం లేదు. నోరు మూసుకుని ఉంటే ఎవరికీ ఏమీ అయ్యేది కాదు కదా అత్తా? ఈ ప్రశ్న ఇక్కడ ఎవరినీ అడగలేను.

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. చదివాను.

నీ చెవి గురించి బాధపడాలో, కోపం తెచ్చుకోవాలో తెలియడం లేదు. ముందు కోపమే వచ్చింది. నన్ను నిజం చెప్పమని రాసిన చేత్తోనే ఇన్నాళ్లూ మరమ్మతులని నాకు అబద్ధం రాశావు. నాన్నకి తెలుసు. నాకే తెలియదు.

ఈ ఉత్తరానికి సంతకం పెట్టడం లేదు.


రేడియో గది
శనివారం

కోడలు పిల్లా,

అవును, రాశాను. చెప్పొద్దని మీ నాన్న చేత ఒట్టు కూడా వేయించుకున్నాను. వాడు ఒక్కసారి నోరు జారబోయి వాతావరణంలోకి దూకాడు, పాపం.

ఎగిరే అత్త సలహా వింటావు గానీ, కుర్చీలో కూర్చున్న అత్త సలహా ఎందుకు వింటావనుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, నీ ఉత్తరాల్లో నేనింకా ఎగురుతూనే ఉన్నాను. ఆ ఒక్కచోటైనా ఉండనిద్దామనుకున్నాను. క్షమించమని అడగడం నాకు సరిగా రాదు. అయినా అడుగుతున్నాను.

ఇక నీ ప్రశ్న. ఏమీ లేదని తెలియడానికి ఐదు రోజులు పట్టింది కదా. ఆ ఐదు రోజులకి ముందు అది ఎవరికీ తెలియదు. నువ్వు చెప్పింది చిట్లు గురించి కాదు, తెలియకపోవడం గురించి.

ఇది చదివి నీ మనసు కుదుటపడుతుందని నేననుకోవడం లేదు. నాదీ పడలేదు. ఆ డాక్టరు గదిలోంచి వచ్చాక ఇప్పటిదాకా నాకు ఒక్కసారి కూడా తల తిరగలేదు. పదకొండు నెలలు. ఆ రోజు "లేదు" అనుంటే ఇవాళ్టికీ తీగల వెంట ఉండేదాన్ని, ఎవరికీ ఏమీ అయ్యుండేది కాదు. పొద్దున రేడియో ముందు కూర్చోగానే ఈ లెక్క వేసుకుంటాను, కాఫీ చల్లారేదాకా. తర్వాత ఎవరో పైనుంచి పిలుస్తారు, పనిలో పడతాను. రోజూ అంతే. పశ్చాత్తాపం లేదని చెప్తే మళ్లీ అబద్ధమవుతుంది. అయితే ఆ డాక్టరు ముందు మళ్లీ కూర్చోబెట్టి అడిగితే మళ్లీ ఉందనే అంటాను. రెండూ నిజాలే. ఒకదానికొకటి సర్దుకోవు.

మెకానిక్ బాబాయి దగ్గర శ్రద్ధగా నేర్చుకో. శిక్షగా చేయకు. తోక బిగించడం తెలిసిన పైలట్లు చాలా తక్కువ.

అత్త


హాస్టలు
బుధవారం, నాలుగు నెలల తర్వాత

అత్తా,

నిన్న లైసెన్సు చేతికొచ్చింది. పరీక్షాధికారి చివర ఇంజను ఆపినట్టు చేశాడు, నా చెయ్యి నాకంటే ముందు దిగింది. ఆయన తలాడించి ఏదో రాసుకున్నాడు.

కళ్లజోడు మాట్లాడాడు. తన దూరప్రయాణానికి ముందు పిలిచి, తోక కడ్డీ ఒకసారి చూడమన్నాడు. "దాని సంగతి నీకు బాగా తెలుసు కదా" అన్నాడు. ఎగతాళో స్నేహమో అర్థం కాలేదు. మోకాళ్ల మీద కూర్చుని చూశాను, బాగుందని చెప్పాను. వెళ్లి క్షేమంగా వచ్చాడు.

నీ మీద కోపం ఎప్పుడు పోయిందో గుర్తు లేదు. వారం వారం రాసుకుంటూనే ఉన్నాం కదా, ఆ మధ్యలో ఎక్కడో జారిపోయింది.

ఇప్పుడు నా పక్కన ఒకరిని కూర్చోబెట్టుకోవచ్చు. నాన్నని అడిగితే నేలమీద ఉండి చేయి ఊపుతానన్నాడు. నువ్వు రా. వచ్చే ఆదివారం. ఎక్కడికి కావాలంటే అక్కడికి తీసుకెళ్తాను. డాక్టరుని అడుగు, వెనక్కి తగ్గడానికి మాత్రం ఆయన్ని సాకుగా చూపించకు.

నీ కోడలు పిల్ల


రేడియో గది
సోమవారం

కోడలు పిల్లా,

నిన్న నీతో సరిగా మాట్లాడకుండా బస్సెక్కాను. అలసిపోయాననుకుని ఉంటావు. అందుకే కూర్చోగానే రాస్తున్నాను.

అలసట కాదు, అలిగాను.

ఎక్కేముందు నువ్వు మిషను చుట్టూ తిరుగుతుంటే చూశాను. నీ వేళ్లు చూశాను. ఎడమ సీటులో కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. ఆ చేతుల్ని అక్కడ ఉంచడం నాకెంత కష్టమైందో నీకు తెలియకూడదని కిటికీలోకి చూస్తూ కూర్చున్నాను. నువ్వు మిషన్ని లేపిన తీరుకి మాత్రం వంక పెట్టలేను. నేల వదిలామని నాకు ఆలస్యంగా తెలిసింది.

మూడో గుట్ట అవతల నా తీగలున్నాయని, ఒక్కసారి చూడాలని అడిగాను కదా. పందొమ్మిదేళ్లలో ఆ స్తంభాలు నాకు చుట్టాల కంటే ఎక్కువయ్యాయి. రెండో గుట్ట దాటేసరికి మూడోదాని మీద మంచు కమ్ముకుంటోంది. నేను ఆ మాట అన్నాను, గుర్తుందా? "పల్చగానే ఉంది, ఇంకొంచెం వెళ్దాం."

నువ్వు ఒక్కసారి నావైపు చూసి, "లేదత్తా, తిరిగిపోదాం" అన్నావు. చెప్పి ఊరుకోలేదు, తిప్పేశావు. రెండోసారి నా మొహం చూడలేదు.

దారంతా నాకు ఒళ్లు మండింది. నిన్నగాక మొన్న నేర్చుకున్న పిల్ల నాకు మంచు సంగతి చెప్తుందా అనుకున్నాను. ఆ గుట్టల్లో ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు, దారి నాకు కళ్లు మూసుకున్నా తెలుసు. దిగాక నువ్వు టీ తెచ్చిస్తే తాగి గ్లాసు నీ చేతికిచ్చేశాను. మీ నాన్న నా మొహం చూసి నా పక్కన కూడా కూర్చోలేదు.

బస్సు సగం దారిలో ఉండగా కోపం దిగింది. కళ్లు మూసుకున్నా తెలిసిన దారుల్లోకి వెళ్లి తిరిగి రానివాళ్లను ఈ ఉద్యోగంలో ఇద్దరిని ఎరుగుదును. ఆ మాట అన్నది నా అనుభవం కాదు. ఏడాదికి పైగా నేలమీద ఉన్న మనిషి ఆశ. పక్కన కూర్చున్నది పెద్దదైనా, అత్తయినా, పాత పైలటైనా ఆ ఆశ మాట నువ్వు వినలేదు. నేను నీ సీటులో ఉండి, పక్కన మా గురువు ఉండి ఆ మాట అనుంటే, వెళ్లేదాన్నేమో. నిజంగానే తెలియదు.

పొద్దున వస్తూనే ఇక్కడి కుర్రవాళ్లకి చెప్పాను, నా కోడలు నన్ను వెనక్కి తిప్పి తెచ్చిందని. ముగ్గురికి చెప్పాను. మూడోవాడికి చెప్పేటప్పుడు నా గొంతులో ఉన్నది ఫిర్యాదు కాదని నాకే తెలిసింది.

ఇక నన్ను సలహాలు అడగకు. సంగతులు రాయి. ఆ తీగలు మాత్రం చూడాలి నేను, ఎప్పుడో ఒకరోజు. గుట్ట మీద మంచు లేని రోజు. అది ఏ రోజో నువ్వే చెప్పు.

అత్త